అరిగిన వైపు

మరిడమ్మ ఆ నాణేన్ని తమలపాకులో చుట్టి, ఆకుని పసుపు గుడ్డలో మూటకట్టి, మూటని బొడ్లో దోపుకుని కళింగపట్నం నుంచి వచ్చింది. వెనకాల ఆమె కొడుకు నూకయ్య ఉన్నాడు. ఇష్టం లేకుండా వచ్చినవాడిలా మా కొట్టు మెట్టు కిందే నిలబడిపోయాడు.

"ఇత్తడి కొట్టు పంతులుగోరంటే మీరేనా బాబూ? పాత డబ్బులు సూసి, ఇది పలానాదని సెప్తారంట గదా?"

"చూస్తానమ్మా. అమ్మడానికి తెచ్చావా?"

"అదే తెలీక వొచ్చినాను. ఇది అమ్మోరయితే అట్టుకెల్లిపోతాను. కాదంటే ఇక్కడే ఒగ్గేసి పోతాను. ఏ మాటైనా మీరే సెప్పాల."

నాణేలు తెచ్చేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే ప్రశ్న, ఎంతిస్తారని. దేవత అవునా కాదా అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

నా పేరు భావనారాయణ. అరసవల్లిలో సూర్యదేవుడి గుడికి వెళ్ళే దారిలో మాకు చిన్న ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. పాత బిందెలూ చెంబులూ తూకానికి తీసుకుని కొత్తవి ఇస్తాం. ఆ పాత సామానుతో పాటు అడపాదడపా రాగి డబ్బులూ వచ్చేవి. మా నాన్నగారు వాటినీ కరిగించడానికే పంపేవారు. పన్నెండేళ్ళ కిందట ఒకనాడు ఆ కుప్పలో అరచేతి గుంట నిండేంత రాగి నాణెం ఒకటి నా కంటబడింది. ఇంగ్లండు పెన్నీ. దాని మీద 1862 అని ఉంది. మా నాన్నగారి కంటే పెద్దది. ఏ ఓడ మీద వచ్చిందో, ఎన్ని చేతులు మారి మా కొట్టుకి చేరిందో! కరిగించడానికి చేయి రాలేదు. అది మొదలు అలాంటివి వెతికి పోగుచేయడం నాకు సంధ్యావందనంలా తప్పని పనైపోయింది.

మొదట్లో ఒక పెద్ద తప్పు చేశాను. మాది తోమే ఇల్లు. చింతపండూ బూడిదా వేసి ఇరవై నాణేలు తళతళలాడేలా తోమి, మద్రాసులో ఒక పాత నాణేల వ్యాపారికి రిజిస్టరు పోస్టులో పంపాను. ఆయన మొత్తం తిప్పి పంపేశాడు. "తోమిన నాణెం చచ్చిన నాణెం. అంచులు పట్టుకు చూడాలి. ముఖం మీద వేలు ఆనకూడదు. చెమట చాలు దాన్ని తినేయడానికి" అని ఉత్తరం రాశాడు. ఉత్తరంతో పాటు ఒక ధరల పుస్తకం కూడా పంపాడు. అరుగుదలని బట్టి అందులో మెట్లున్నాయి. దొరలు 'ఫైన్' అన్నారంటే ఆ నాణెం బాగా అరిగిందని అర్థం. అది తెలియడానికి నాకు ఏడాది పట్టింది. అసలు అరగనిది పై మెట్టు. బొమ్మ పోయిందంటే 'పూర్', అంటే కింది మెట్టు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఏ నాణెం ముఖం మీదా నా బొటనవేలు పడనివ్వలేదు.

నా దగ్గర ఒక టేకు పెట్టె ఉంది. అందులో 1860 నుంచి 1869 దాకా పది పెన్నీలకి పది గుంటలు తొలిపించాను. తొమ్మిది నిండాయి. ఆఖరుదే ఖాళీ. ఆ ఏడాది పెన్నీలు తక్కువగా అచ్చయ్యాయని పుస్తకంలో ఉంది. ఇంగ్లండులో పాత పెన్నీలు త్వరలో చెలామణీ నుంచి పోతాయట. అందుకని జనం సంచుల కొద్దీ వెతుక్కుంటున్నారనీ, పది గుంటలూ నిండితే, పదోది ఎంత అరిగినా ఏడాది తేలితే చాలు, వరస మొత్తానికి ఎనిమిది వందలు ఇప్పిస్తాననీ వ్యాపారి రాశాడు. డబ్బు వద్దని చెప్పను. కానీ నా చూపు మాటిమాటికీ ఆ పదో గుంట మీదకి పోయేది మాత్రం డబ్బు కోసం కాదు. నిండిన వరస ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉండేది.

మరిడమ్మ మూట విప్పింది. ఆకు మీద పెన్నీ. పైకి ఉన్న వైపు ఏటి గులకరాయిలా నున్నగా అరిగిపోయింది. బొమ్మ లేదు, అక్షరం లేదు. కింది మెట్టుకీ కిందే. అంచులు పట్టుకుని తిప్పాను.

తిప్పినవాణ్ణి అలాగే ఉండిపోయాను.

రెండో వైపు విక్టోరియా రాణి. వెనక్కి ముడిచిన జుట్టులో పాయ పాయా లెక్కపెట్టవచ్చు. కనుబొమ, పెదవి, మెడ కింద బట్ట మడత, ఏదీ చెక్కు చెదరలేదు. రాగి నల్లబడనే లేదు, అప్పుడే కొలిమిలోంచి తీసినట్టు ఎర్రగా ఉంది. పన్నెండేళ్ళలో నా చేతిలోకి పై మెట్టు నాణెం రావడం అదే మొదటిసారి. అది కూడా కింది మెట్టు నాణేనికి వీపులా వచ్చింది. ఒకే రాగి బిళ్ళకి ఒక ముఖం ముసలిదీ, ఒకటి నిన్న పుట్టిందీ ఎలా అవుతుంది?

"ఇది ఎక్కడుండేదమ్మా?"

"మా నావ ముందుసెక్కకి లక్కెట్టి అతికించుండీది," అంది మరిడమ్మ. అని కొట్టు మెట్టు మీద కూలబడి చెప్పుకొచ్చింది.

ఆమె మామగారి తండ్రి కూర్మయ్య. కళింగపట్నం రేవుకి పెద్ద ఓడలు వచ్చే రోజుల్లో, దూరాన ఆగిన ఓడ నుంచి ఒడ్డుకి పడవలో సరుకు చేరవేసేవాడు. ఒక ఓడవాడు ఆ డబ్బు ఇచ్చాడు, అప్పటికి కొత్తగా మెరుస్తున్నది. కూర్మయ్య దాని మీద బొమ్మ చూసి ఒళ్ళు మరచిపోయాడట. సముద్రం ఒడ్డున ఒక తల్లి కూర్చుని ఉంది. చేతిలో శూలం. ఒక పక్కన ఓడ, ఇంకో పక్కన దీపస్తంభం. అచ్చం వాళ్ళ రేవే. తమ రేవుని కాసే అమ్మవారే ఓడెక్కి తన చేతికి వచ్చిందనుకున్నాడు. బొమ్మ పైకి ఉండేలా నావకి అతికించాడు. అప్పట్నుంచి నావ ఎక్కే ప్రతి మగవాడూ ఆ తల్లిని బొటనవేలితో ముట్టి కళ్ళకద్దుకోకుండా నీళ్ళలో అడుగుపెట్టలేదు. పాత నావ పోయినప్పుడల్లా ఆ చెక్క ముక్కని కోసి కొత్త నావకి బిగించేవారు. ఈసారి చెక్కే పుచ్చిపోయింది. వడ్రంగి అప్పలసూరి లక్క గీకి నాణెం ఊడదీశాడు.

"ఎనక్కి తిప్పితే దొరసాని బాబూ!" మరిడమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అప్పలసూరి సేతిలోంచి ఉలి జారిపోనాది."

మా ఆవిడ అలివేలుమంగ ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. "అమ్మవారి వీపున దొరసాని కూర్చుందా? ఎంత ధైర్యం!" అంది. మరిడమ్మ నవ్వేసింది. నూకయ్య నవ్వలేదు.

"తరాల తరబడి దొరసానికి దండాలెట్టినామంటన్నారు బాబూ మావోళ్ళు," అన్నాడు. "కొత్త నావని నీట్లోకి తొయ్యమంటే తొయ్యరు. పది దినాలయ్యింది. ఒడ్డునే ఎండిపోతన్నాది."

"నువ్వేమంటావు?"

"నానేటంటాను? మా అయ్యా దీన్ని ముట్టుకునే ఎల్లాడు. తిరిగి రానేదు."

"ఒరే నూకా, నోరు ముయ్యి!" మరిడమ్మ గొంతు మారింది. "ఆ దినం ఆరుగురెల్లినారు. అయిదుగురొచ్చినారు. ఆ అయిదుగుర్నీ తెచ్చిందెవుర్రా?"

"మరి ఆరోవోణ్ణి ఒగ్గేసిందెవరే?"

మజ్జిగ గ్లాసు పట్టుకున్న చేయి మరిడమ్మకి కిందికి దిగలేదు. రోజూ పొద్దున్నే సూర్యుడికి నీళ్ళు వదిలేవాణ్ణి నేను. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉండాలనిపించింది. లేదు.

"ఈ వెలుతురులో తేలదమ్మా," అన్నాను. "అరిగినదాన్ని పొద్దెక్కాక చూడకూడదు. ఏటవాలు వెలుగు కావాలి. రేపు పొద్దున్న చూసి చెబుతాను. ఇవాళ మా అరుగు మీద పడుకోండి."

"దేవతో కాదో తేల్చడానిక్కూడా మీకు కిటికీ కావాలా?" అంది మా ఆవిడ.

కావాలి. మాది ఏటా రెండు సార్లు ఉదయపు కిరణాలు వాకిళ్ళన్నీ దాటి స్వామి పాదాల మీద పడే ఊరు. ఆ రోజులు వెళ్ళి వారమే అయింది. సూర్యుడు నెత్తి మీద ఉంటే ఎంత వెలుగున్నా కనపడనిది, నేల మట్టం నుంచి పక్కగా చూస్తే కనపడుతుంది. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒకసారి గుళ్ళో నిలబడి ఆ కిరణం గడప రాయి మీద ప్రతి గీతనీ లేపి చూపిస్తుంటే నేర్చుకున్నాను.

దీపాలు పెట్టే వేళ నాణేన్ని ఆకులోకి చేర్చబోతూ భూతద్దం పెట్టి ఊరికే ఒకసారి చూశాను. ఈ పెన్నీలకి ఏడాది అచ్చు వేసేది తల్లి బొమ్మ ఉన్న వైపు, కింద. అరిగిన ఆ చోట ఒక గుండ్రని నీడలాంటిది. సున్నా కావచ్చు. ఎనిమిది కావచ్చు. తొమ్మిదీ కావచ్చు.

"ఏటండీ, అద్దం దించరేం?" అంది అలివేలుమంగ. తరవాత టేకు పెట్టె వైపు చూసింది. "ఆ గుంట కోసమా?"

నాణేన్ని ఆకులో చుట్టేశాను.

"ఆవిడ మిమ్మల్ని నమ్మి వచ్చింది," అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తెల్లవారింది. స్నానం చేసి, సూర్యనమస్కారాలు చేసుకుని, తూర్పు కిటికీ రెక్కలు దగ్గరగా వేసి సన్నటి సందు మాత్రం ఉంచాను. మరిడమ్మా నూకయ్యా నా వెనక నిలబడ్డారు. తాటిచెట్ల వెనక నుంచి సూర్యుడు లేచాడు. కిరణం సందులోంచి వచ్చి బల్ల మీద బంగారు దారంలా పడింది. నాణేన్ని అంచులు పట్టి ఆ దారం కిందికి తెచ్చి, గింజంత గింజంత వాలుస్తూ పోయాను.

ముందు ఏమీ లేదు. తరవాత నీళ్ళ అడుగు నుంచి పైకి తేలినట్టు ఒక నిలువు గీత లేచింది. దీపస్తంభం. ఇంకొంచెం వాల్చాను. ఇటు ఓడ, తెరచాపలతో సహా. మధ్యలో ఒడిలాంటి నీడ, దాని నుంచి పైకి లేచిన శూలం, మూడు మొనలూ. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట వెలుగే ఉంది. తరతరాల వేళ్ళు చెరిపిన బొమ్మని స్వామి ఒక్క కిరణంతో తిరిగి గీస్తున్నాడు.

కిందికి చూశాను. ఒకటి. ఎనిమిది. ఆరు. పక్కన సున్నాలాంటి తల, తల కింద వంపు తిరిగిన తోక.

తొమ్మిది. సరిగ్గా నూరేళ్ళ నాణెం.

నా పదో గుంట నా వేళ్ళ మధ్య ఉంది. ఒక్క మాట చాలు. "ఇది దొరల డబ్బమ్మా, దేవత కాదు." అబద్ధం కూడా కాదు. ఒక నిజం చెప్పడానికి నాకు అంత భయం వేయడం అదే మొదలు. ఎందుకంటే ఆ నిజం వల్ల లాభం నాకే.

"ఏటైనా అగుపడుతున్నాదా బాబూ?" అంది మరిడమ్మ వెనక నుంచి.

లేచి, నా చోట ఆమెని కూర్చోబెట్టాను. భూతద్దం ఇచ్చి, నాణేన్ని అదే వాలున పట్టుకున్నాను. ఆమె ఒక కన్ను మూసింది, తరవాత ఇంకో కన్ను మూసింది, తరవాత రెండూ తెరిచింది.

"ఓలమ్మో!" అంది. "ఉన్నాదిరా! ఓడున్నాది! దీపాలమేడున్నాది! మాయత్త సెప్పినట్టే ఉన్నాది!"

అప్పుడు తెలిసింది నాకు. పదమూడో ఏట కోడలిగా వచ్చేనాటికే ఆ బొమ్మ అరిగిపోయిందట. అత్త చెప్పింది విని, నలభై ఏడేళ్ళు నున్నటి రాగి బిళ్ళ చుట్టూ పసుపు పూసింది. చూడటం ఇదే మొదటిసారి. కన్నీళ్ళు అద్దం మీద పడుతుంటే కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"చూడమ్మా," అన్నాను. "నేను చెప్పేది మొత్తం విను. ఇది ఇంగ్లండులో అచ్చయిన పెన్నీ. వెనకున్నది వాళ్ళ రాణి. ముందున్నావిడ వాళ్ళ దేశాన్ని తల్లిగా అనుకుని వేసుకున్న బొమ్మ. ఆ ఓడ వాళ్ళది, దీపస్తంభం వాళ్ళది. మీ రేవు కాదు."

మరిడమ్మ అద్దం మీద నుంచి తలెత్తలేదు.

"ఇంకో మాట. ఈ ఏడాది పెన్నీ కోసం నేను పన్నెండేళ్ళుగా వెతుకుతున్నాను." టేకు పెట్టె తెచ్చి ఖాళీ గుంట చూపించాను. "ఇది ఇందులో పడితే ఈ వరస ఎనిమిది వందలు పలుకుతుంది. నాకు ఇస్తే అందులో సగం నీది. నాకు ఆశ ఉందమ్మా. అందుకని నా మాట ఒక్కటే పట్టుకుని నిర్ణయించుకోవద్దు."

నాలుగు వందలనేసరికి నూకయ్య నాణెం వైపు వంగాడు. మరిడమ్మ మాత్రం భూతద్దం పక్కన పెట్టి అడిగింది. "ఆళ్ళ దేశానికీ సముద్రమొడ్డున తల్లే కాపలానా బాబూ?"

"అలాగే అనుకున్నట్టున్నారు."

"సేతిలో సూలమే?"

"శూలమే."

"మరింక ఆళ్ళదేటి, మనదేటి?" అంది. కానీ ఆమె కళ్ళు కొడుకు మీదే ఉన్నాయి. నావ తోయాల్సింది అతను.

నూకయ్య నాణేన్ని చేతిలోకి తీసుకుని రాణి ముఖం చూశాడు. "ఈయమ్మ ఇంతలా మెరుస్తన్నాదేటి బాబూ?"

"లక్కలో దాగి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు."

తిప్పాడు. "మరి ఈయమ్మ?"

"మీరంతా ముట్టుకున్నారు కదా. ఒక్కొక్క వేలూ ఒక్కొక్కసారి కంటికి కనపడనంత రాగిని తీసుకుపోతుంది. మీ ముత్తాత తీసుకున్నాడు, మీ తాత తీసుకున్నాడు."

"మా అయ్య?"

"రోజూ ముట్టుకునేవాడన్నావు కదా. ఇందులో ఆయన వేలి అరుగుదల కూడా ఉంది."

నూకయ్య ఆ నున్నటి రాగిని చూస్తూ ఉండిపోయాడు. కిరణం బల్ల మీద నుంచి గోడకి జరిగింది. వీధిలో కొబ్బరికాయల బండి పోతున్న చప్పుడు.

"ఆడి బొమ్మ నేదు బాబూ మాయింట్లో," అన్నాడు. "పోటువా తీయించుకోమంటే నవ్వీవోడు. ఒల్లూ దొరకనేదు. ఆడి యేలిముద్దరొకటి ఉన్నాదని నాకెవురూ సెప్పనేదు."

తమలపాకు తీసి నాణేన్ని తనే చుట్టాడు. మరిడమ్మ పసుపు గుడ్డ పట్టింది. "నడవే అమ్మా, బేగి," అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "మీ గుంట నిండనేదు. కోపమొద్దు బాబూ," అన్నాడు.

కొట్టులో కడవల చిల్లులు పూడ్చే లక్క ఉండ ఒకటి తీసి అతని చేతిలో పెట్టాను. "నేనూ వస్తాను. అతికించేటప్పుడు రాణి వైపు ఎక్కడా గాలి చొరబడకూడదు. మీ అప్పలసూరికి అది తెలీదు."

"ఆ వంకన వెళ్ళి మళ్ళీ ఒకసారి చూసుకోవాలి కదూ," అంది అలివేలుమంగ. మొహం తిప్పుకుని కళ్ళు ఒత్తుకుంది. కొట్టు తాళం చెవి తనే తీసుకుంది.

కళింగపట్నం ఒడ్డున ఎండుచేపల తడికెల అవతల కొత్త నావ తారు వాసన వేస్తూ నిలబడి ఉంది. చుట్టూ చేరినవాళ్ళని చూసి నూకయ్య గొంతెత్తాడు. "ఇది దొరల దేశపు డబ్బే. పంతులుగోరు సూసినారు. అయితే ఏటి? దీన్ని అరగదీసింది దొరలా? మీ తాత యేలున్నాది ఇందులో, నీ తాత యేలున్నాది. అక్కర్నేనోడు ఇంటికి పోవచ్చు."

"మా తాత యేలుంటే నావకి సుట్టకంపు కొడతాదిరా," అన్నాడు ఒక ముసలాయన వెనక నుంచి. అందరూ నవ్వారు. ఎవరూ ఇంటికి పోలేదు.

అప్పలసూరి కొత్త చెక్కలో గుంట తొలిచాడు. అది పదో గుంట కాదు. కానీ నాణెం అందులో కూర్చున్న తీరు చూస్తే దాని చోటు అదేననిపించింది. నేను లక్క కరిగించి పోశాను. రాణి ముఖం మళ్ళీ చీకట్లోకి వెళ్ళింది. మరిడమ్మ చుట్టూ పసుపు పూసి బొట్టు పెట్టింది. నావ ఎక్కబోయే ఆరుగురూ ఒక్కొక్కరే వచ్చి బొటనవేలు ఆనించి కళ్ళకద్దుకున్నారు. నూకయ్య ఆఖరున వచ్చాడు. అతని వేలు అక్కడి నుంచి త్వరగా రాలేదు.

ఆరో మనిషిని ఎవరు వదిలేశారో నాకు ఇప్పటికీ తెలియదు. అడగడం మాత్రం మానలేదు, రోజూ పొద్దున్న నీళ్ళు వదిలేటప్పుడు.

"బాబూ, మీరూ," అంది మరిడమ్మ.

చేయి చాచి, అలవాటు కొద్దీ అంచు కోసం వెతికాను. అంచు చెక్కలో ఉంది. పైకి కనపడేది ముఖమే. పన్నెండేళ్ళుగా ఏ నాణెం మీదా పడని నా బొటనవేలు ఆ తల్లి మీద ఆనింది. రాగి ఎండకి వెచ్చగా, బుగ్గలా మెత్తగా ఉంది. కళ్ళకద్దుకున్నాను.

వెంట్రుకవాసిలో వెయ్యో వంతు నేనూ అరగదీశాను.